కేసు షీటులో లేని గడి: పురుగుమందులకు అనుమతులిచ్చే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, అనుమతుల కమిటీల్లో కూర్చునే శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

నేను ప్రసూతి వార్డులో నర్సును. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఈ లేఖలో రాస్తున్న విషయం మీద ఇంతకుముందు అనుమతులిచ్చే ఒక కార్యాలయానికి రెండుసార్లు ఉత్తరం రాశాను. మొదటిదానికి అందిందని రసీదు వచ్చింది. రెండోదానికి ఎనిమిది నెలల తర్వాత మూడు వాక్యాల జవాబు వచ్చింది. సిఫారసు చేసిన మోతాదులో, లేబుల్ మీద ఉన్నట్టు వాడితే ఈ మందుల వల్ల ప్రమాదం లేదని అందులో ఉంది. నేను అడిగింది ఆ మోతాదును ఎలా నిర్ణయించారని, హార్మోన్ల మీద ప్రభావాన్ని అందులో లెక్కలోకి తీసుకున్నారా అని. దాని గురించి ఒక్క మాట లేదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

మీ పని తేలిక కాదని తెలుసు. పంటను పురుగు తినేస్తుంటే రైతు చేతులు కట్టుకుని కూర్చోలేడనీ తెలుసు. పురుగుమందులన్నీ రేపే ఆపెయ్యమని నేను అడగడం లేదు.

ఒక కాన్పు గురించి చెప్పి మొదలుపెడతాను. మగబిడ్డ. బరువు మూడు కిలోల పైన, ఏడుపు గట్టిగా ఉంది, అంతా బాగుందనుకున్నాం. తుడిచి బట్టలో చుట్టబోతూ చూశాను. మూత్రం వచ్చే రంధ్రం చివర ఉండాల్సింది, కింది వైపున, మధ్యలో ఉంది. దీన్ని హైపోస్పేడియాస్ అంటాం. ప్రాణానికి భయం లేదు. సాధారణంగా ఆరు నెలలు దాటాక, ఏడాదిన్నర లోపల ఆపరేషన్ చేసి సరిచేస్తారు. తల్లికి ఆ మాటే చెప్పాను. ఆమె చెవికి ఎక్కలేదు. "నేనేం చేశానమ్మా? ఏం తినకూడనిది తిన్నాను?" అని అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగింది.

ఆమె భర్త రోజుకూలికి మందు కొట్టడానికి వెళ్తాడు. వీపుకు ట్యాంకు తగిలించుకుని పొద్దున వెళ్తే, తిరిగి వచ్చేసరికి చొక్కా వీపు భాగం, లుంగీ కింది అంచు తడిసి ఉంటాయి. కడుపుతో ఉన్న ఆ తొమ్మిది నెలలూ ఆ బట్టలు ఉతికింది ఆమే. చేత్తోనే, తొడుగులేమీ లేకుండా. ఏ మందు కొట్టావని ఆయన్ని అడిగితే పేరు చెప్పలేకపోయాడు. డబ్బా మీద రంగు పట్టీ మాత్రం గుర్తుంది. "ఆకుపచ్చదే మేడం, అది ప్రమాదం లేనిదే" అన్నాడు.

ఆమె కేసు షీటు తీసి చూశాను. జ్వరం వచ్చిందా అన్న గడి ఉంది. బీపీ, షుగర్, థైరాయిడ్, రక్తసంబంధంలో పెళ్లి, వాడిన మాత్రలు, పొగతాగే అలవాటు, అన్నిటికీ గడులున్నాయి. పురుగుమందు ఒంటికి తగిలిందా, ఏ నెలలో తగిలింది అని అడిగే గడి లేదు. ఇరవై రెండేళ్లలో నేను నింపిన ఒక్క షీటులోనూ లేదు.

ఆ బిడ్డకు వచ్చిన లోపానికి ఆ మందే కారణమని నేను అనడం లేదు. అలా అనే హక్కు నాకు లేదు. జన్యువులు ఉంటాయి, మాయ సరిగా పనిచెయ్యకపోవడం ఉంటుంది, ఇంకా ఎన్నో ఉంటాయి. కారణమని గానీ, కాదని గానీ ఎవరూ చెప్పలేని స్థితిలో మనం ఎందుకున్నాం అన్నదే నా బాధ. మందుకు అనుమతిచ్చేటప్పుడు హార్మోన్ల గురించి అడిగిన వాళ్లు లేరు. బిడ్డ పుట్టాక మందు గురించి అడిగిన వాళ్లూ లేరు. రెండు చోట్లా అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరుకుతుంది?

నర్సుగా నాకు తెలిసిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లకు ఫినాస్టెరైడ్ అనే మాత్ర ఇస్తారు. దాంతో వచ్చే కాగితంలో ఒక హెచ్చరిక ఉంటుంది: గర్భిణులు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు విరిగిన మాత్రను, పొడి అయిన మాత్రను చేత్తో ముట్టుకోకూడదు. మింగడం సంగతి కాదు, ముట్టుకోవడం. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే ఆ మందు వల్ల జననాంగాలు సరిగా తయారు కాకపోవచ్చు. ఫ్లుటమైడ్ అని ఇంకో మందు ఉంది, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడతారు. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను వెళ్లి కూర్చోవాల్సిన చోటును రిసెప్టార్ అంటాం. ఫ్లుటమైడ్ ముందే వెళ్లి ఆ చోట కూర్చుంటుంది. హార్మోను ఒంట్లో ఉన్నా దాని మాట చెల్లదు.

విన్‌క్లోజోలిన్, ప్రొసిమిడోన్ అనే తెగుళ్ల మందులు ఒంట్లోకి వెళ్తే అడ్డుకునేది సరిగ్గా ఆ రిసెప్టార్‌నే. కడుపుతో ఉన్న ఎలుకలకు ఇస్తే, పుట్టిన మగపిల్లల్లో ఇదే హైపోస్పేడియాస్ కనిపించింది. ఇది 1990లలోనే ప్రచురితమైంది. అలాగే రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే లెట్రోజోల్ ట్రయజోల్ జాతి మందు. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనును తయారుచేసే ఎంజైమును ఆపడమే దాని పని. పంటల మీద వాడే తెగుళ్ల మందుల్లోనూ ట్రయజోల్ జాతివి చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని, లెట్రోజోల్ అంత బలంగా కాకపోయినా, ఆ ఎంజైమునే అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది.

మన భాషలో రెండింటికీ ఒకటే మాట: మందు. ఒక మందును తాళం వేసిన అలమరలో పెట్టి, మిల్లీగ్రాముల లెక్కన, డాక్టర్ సంతకం చూసి ఇస్తాం. రెండోది ఆ తల్లి చేతుల మీదుగా నీళ్లలో కారిపోయింది.

ఇక పాయింట్లుగా రాస్తాను. ఒక్కోదానికి విడిగా జవాబు ఇవ్వడం మీకూ సులువు.

1. ఆకుపచ్చ పట్టీ అంటే జనం ఏమనుకుంటున్నారు?

చాలా దేశాల్లో డబ్బా మీద ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులకు ఆధారం తక్షణ విషప్రభావం. ప్రయోగంలో ఎలుకల్లో సగం చచ్చిపోవడానికి ఎంత మందు కావాలి అన్న లెక్క అది. కొంచెంతోనే చస్తే ఎరుపు, చాలా ఎక్కువ ఇస్తే గానీ చావకపోతే ఆకుపచ్చ. పొరపాటున తాగిన మనిషిని కాపాడటానికి, గోదాముల్లో జాగ్రత్తలకు ఆ వర్గీకరణ అవసరమే. అది ప్రధానంగా తక్షణ ప్రమాదానికి సంబంధించినదేనని దాన్ని తయారుచేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతుంది.

కానీ మందు కొట్టే మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఆయన దృష్టిలో ఆకుపచ్చ అంటే మంచిది.

మాంకోజెబ్‌నే తీసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో అది తక్షణ ప్రమాదం ఉండకపోవచ్చన్న చివరి తరగతిలో ఉంది. అదే మందు ఒంట్లోకి వెళ్లాక ఇథిలీన్ థయోయూరియాగా మారుతుంది. అది థైరాయిడ్ హార్మోన్ తయారీని అడ్డుకుంటుంది. సంతానోత్పత్తికి హాని చేసే పదార్థంగా, మనుషుల హార్మోన్లను దెబ్బతీసే పదార్థంగా తేల్చి యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో దాని అనుమతిని పొడిగించలేదు. విన్‌క్లోజోలిన్ కూడా తక్షణ విషం లెక్కలో ఆ చివరి తరగతిదే. ఎలుకను రెండు వారాల్లో చంపదు. ఆ ఎలుక కడుపులో ఉన్న పిల్లలకు ఏమవుతుందో ఆ పరీక్ష అడగదు.

2. కొంచెమే కదా అంటే సరిపోదు.

రక్తంలో ఈస్ట్రోజెన్ రకమైన ఎస్ట్రడయోల్‌ను మేం పికోగ్రాముల్లో కొలుస్తాం. ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోగ్రాము. అంత కొంచెంతో ఆడపిల్ల పెద్దమనిషి అవుతుంది, గర్భం నిలుస్తుంది. ఒళ్లు అంత సూక్ష్మమైన కొలతలతో నడుస్తున్నప్పుడు, కొంచెం తగిలితే ఏం కాదు అనే మాటను పరీక్ష లేకుండా నమ్మమనడం సరి కాదు.

ఎంత తగిలింది అన్నదానికి తోడు ఎప్పుడు తగిలింది అన్నది ఇంకా ముఖ్యం. మగబిడ్డ జననాంగాల తీరు గర్భంలో సుమారు ఎనిమిదో వారం నుంచి పద్నాలుగో వారం మధ్య నిర్ణయమవుతుంది. బిడ్డ సొంత థైరాయిడ్ పూర్తిగా పని అందుకునేదాకా, అంటే దాదాపు సగం గర్భకాలం, మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. ఎనిమిదో వారానికి చాలామంది తల్లులు మొదటి చెకప్‌కు కూడా రారు. నెల తప్పిన సంగతి ఇంట్లో చెప్పడానికే సిగ్గుపడుతుంటారు. అదే సమయంలో పొలం పనికి వెళ్తుంటారు, బట్టలు ఉతుకుతుంటారు.

సమయం ఎంత ముఖ్యమో మా వృత్తి చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. గర్భస్రావం కాకుండా ఆపుతుందని 1940ల నుంచి గర్భిణులకు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ ఈస్ట్రోజెన్ ఇచ్చారు. తల్లులు బాగానే ఉన్నారు. పుట్టిన ఆడపిల్లలు బాగానే కనిపించారు. ఆ పిల్లలు యుక్తవయసుకు వచ్చాక, చాలా అరుదైన యోని క్యాన్సర్ బయటపడింది. 1971లో ఆ సంబంధం ప్రచురితమయ్యేదాకా ఆ మందును డాక్టర్లే మంచి మనసుతో రాశారు. పురుగుమందు కాకపోయినా దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, హార్మోన్ల హాని ఇరవై ఏళ్లు కనబడకుండా ఉండగలదు. మీ పరీక్షల్లో ఇరవై ఏళ్లు ఎదురుచూసేది ఏది?

3. తెలిసిన తర్వాత ఎంత కాలం ఆగారు?

మట్టిలోని నులిపురుగులకు డీబీసీపీ అనే మందు వాడేవారు. ఎలుకల్లో వృషణాలు కుంచించుకుపోతున్నాయని 1961లోనే పరిశోధన పత్రం వచ్చింది. అది తయారీ కంపెనీల పరిశోధనే. అయినా వాడకం సాగింది. 1977లో కాలిఫోర్నియాలో ఆ మందు కలిపే ఒక కర్మాగారంలో కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటుంటే, తమ విభాగంలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని వాళ్లకే అనుమానం వచ్చింది. పరీక్ష చేయించుకుంటే చాలామందిలో వీర్యకణాలు లేవు, లేదా బాగా తక్కువ. ఎలుకల్లో కనిపించిన దానికి, మనుషుల్లో తేలిన దానికి మధ్య పదహారేళ్లు. అమెరికాలో చాలా వాడకాలను ఆపాక కూడా మధ్య అమెరికా అరటితోటల్లో కొంతకాలం అది కొనసాగింది. అక్కడ వేలమంది కూలీలు పిల్లలు పుట్టే యోగ్యత పోగొట్టుకున్నారు.

వార్డులో, ఓపీలో నేను చూసేది ఇక్కడ చెప్పకుండా ఉండలేను. పిల్లలు లేరంటే ముందు పరీక్షకు వచ్చేది ఆడమనిషే. ఆమెకే స్కానింగులు, ఆమెకే మాత్రలు, అత్తింట్లో మాటలూ ఆమెకే. మూడేళ్లు, నాలుగేళ్లు తిరిగాక ఎప్పుడో భర్తను పరీక్షకు ఒప్పిస్తారు. కౌంట్ తక్కువుందని తేలినా, నువ్వు ఏం పని చేస్తావు, ఏ మందులు చేత్తో కలుపుతావు అని అడిగే డాక్టర్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. ఆ కర్మాగారంలో వాళ్లంతా ఒకే చోట పనిచేశారు కాబట్టి ఒకరికొకరు చెప్పుకోగలిగారు. ఒక్కో పొలంలో ఒంటరిగా మందు కొట్టేవాడు ఎవరితో పోల్చుకుంటాడు?

4. హాని మందు చల్లిన వాళ్ల దగ్గర ఆగదు.

కేరళలోని కాసరగోడ్ జిల్లాలో జీడిమామిడి తోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి మగపిల్లల మీద జరిగిన అధ్యయనం 2003లో వచ్చింది. మందు సోకిన ఊరి పిల్లల్లో యుక్తవయసు లక్షణాలు ఆలస్యమవుతున్నాయని, ఒంట్లో ఎండోసల్ఫాన్‌కూ టెస్టోస్టెరాన్ తగ్గడానికీ సంబంధం కనిపిస్తోందని అందులో ఉంది. ఆ పిల్లలు ట్యాంకు మోయలేదు. ఆ గాలి పీల్చారు, ఆ నీళ్లు తాగారు. భారత సుప్రీంకోర్టు ఆ మందును ఆపింది 2011లో. ప్రమాదకర రసాయనాలను ఆపే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి అది చేరిందీ అదే ఏడాది.

గ్వాడెలూప్, మార్టినిక్ అనే కరీబియన్ సముద్రంలోని ఫ్రాన్స్ దీవుల్లో అరటి తోటలకు 1972 నుంచి 1993 దాకా క్లోర్‌డెకోన్ వాడారు. అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌లా ప్రవర్తిస్తుంది. తయారుచేసే చోట కార్మికులు వణుకుతో మంచం పట్టడంతో అమెరికాలో 1975లోనే తయారీ ఆగిపోయింది. దీవుల్లో మాత్రం ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు నడిచింది. ఇవాళ ఆ దీవుల్లో పెద్దవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది రక్తంలో అది దొరుకుతోంది. రక్తంలో ఎక్కువున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువని 2010లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. వాడకం ఆపి ముప్ఫై ఏళ్లు దాటినా మట్టి వదలలేదు.

డీడీటీ సంగతి మీకు తెలిసిందే. కానీ ఒక్క అధ్యయనం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాలిఫోర్నియాలో 1959 నుంచి 1967 మధ్య గర్భిణుల రక్తం తీసి భద్రపరిచారు. తల్లి రక్తంలో డీడీటీ బాగా ఎక్కువగా ఉన్న కూతుళ్లలో, 52 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు దాదాపు నాలుగు రెట్లని 2015లో తేలింది. యాభై ఏళ్ల తర్వాత ఆ జవాబు దొరికిందంటే, అప్పుడెవరో ఆ రక్తాన్ని దాచి, పేరు రాసి, తేదీ వేసి పెట్టారు కాబట్టే. నేను కేసు షీటులో గడి అడుగుతున్నది అందుకే.

5. ఒక్కో మందును విడిగా పరీక్షిస్తారు. ట్యాంకులో మాత్రం కలిపే కొడతారు.

డెన్మార్క్ పరిశోధకులు 2008లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. పైన చెప్పిన విన్‌క్లోజోలిన్, ప్రొసిమిడోన్, ఫ్లుటమైడ్ మూడింటినీ విడివిడిగా ఇచ్చినప్పుడు ఎలుక పిల్లల్లో హైపోస్పేడియాస్ దాదాపు కనిపించని మోతాదులనే తీసుకుని, కలిపి ఇచ్చారు. లోపం ఒక్కసారిగా పెరిగిపోయింది. విడిగా సురక్షితం అని సంతకం పెట్టిన మూడు కాగితాలు కలిస్తే సురక్షితం కాదని దీనర్థం.

ఇంకోటి. డబ్బాలో అసలు మందుతో పాటు, అది ఆకుకు అంటుకోవడానికి, నీళ్లలో కలవడానికి వేరే పదార్థాలు ఉంటాయి. లేబుల్ మీద వాటిని 'ఇతర పదార్థాలు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అలా కలిపే వాటిలో నోనైల్‌ఫినాల్ ఇథాక్సిలేట్లు ఉండేవి, కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. వాటి నుంచి వచ్చే నోనైల్‌ఫినాల్ ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1991లోనే తెలిసింది.

6. శాస్త్రం అన్నిటిలోనూ ఒకే మాట మీద లేదు. ఒప్పుకుంటాను.

అట్రజిన్ కలుపు మందునే చూడండి. నీళ్లలో వంద కోట్ల భాగాల్లో 0.1 భాగం ఉన్నా మగ కప్పల జననాంగాలు తేడాగా ఎదిగాయని 2002లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాతి పరిశోధనలు చూసి, అలాంటి ప్రభావం లేదని అమెరికా నియంత్రణ సంస్థ 2007లో తేల్చింది. 2010లో మొదటి బృందమే మళ్లీ, కొన్ని మగ కప్పలు పూర్తిగా ఆడవిగా మారాయని ప్రచురించింది. యూరప్ ఈ వాదన తేలేదాకా ఆగలేదు. భూగర్భ జలాల్లో పరిమితి దాటుతోందన్న కారణంతోనే 2004లో అనుమతి తీసేసింది. అనుమానం ఉన్నప్పుడు ఆ భారం ఎవరు మొయ్యాలన్నదే అసలు ప్రశ్న. ఇప్పటిదాకా నీళ్లు తాగేవాళ్లు మోస్తున్నారు.

7. ఈ విషయం కొత్తది కాదు.

హార్మోన్లను దెబ్బతీసే రసాయనాల గురించి శాస్త్రవేత్తలు అమెరికాలోని వింగ్‌స్ప్రెడ్‌లో కూర్చుని హెచ్చరించింది 1991లో. పురుగుమందులను ఈ కోణంలో పరీక్షించాలని అమెరికా చట్టం చేసింది 1996లో, మొదటి పరీక్షలకు ఆదేశాలు వెళ్లింది 2009లో. యూరోపియన్ యూనియన్ 2009లో చట్టం చేసింది. గుర్తించే ప్రమాణాలను 2013 చివరికల్లా సిద్ధం చెయ్యాల్సి ఉండగా చెయ్యలేదు. ఇవే ప్రమాణాల ఆలస్యం మీద, పంటలకు కాకుండా వేరే చోట్ల వాడే క్రిమిసంహారకాల చట్టం కింద వచ్చిన కేసులో, అది తప్పేనని 2015లో అక్కడి కోర్టు చెప్పాల్సి వచ్చింది. ప్రమాణాలు అమల్లోకి వచ్చింది 2018లో. హార్మోన్ల పనికి అడ్డుపడతాయని తెలిసిన, లేదా అనుమానం ఉన్న రసాయనాలు సుమారు 800 అని, వాటిలో కొద్దివాటినే సరిగా పరీక్షించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం కలిసి 2013లో ప్రచురించిన నివేదిక చెప్పింది. 1991లో పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు మా వార్డులో కాన్పుకు వస్తున్నారు.

ఇవీ విషయాలు. వీటి ఆధారంగా మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

1. ఇప్పుడు అమ్మకంలో ఉన్న ప్రతి పురుగుమందుకూ, తెగుళ్ల మందుకూ, కలుపు మందుకూ ఈస్ట్రోజెన్, టెస్టోస్టెరాన్, థైరాయిడ్ మీద ప్రభావాన్ని తేల్చే పరీక్షలు తప్పనిసరి చెయ్యండి. పరీక్షా పద్ధతులు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు, దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ వాటిని ఎప్పుడో ప్రచురించింది. గడువు పెట్టండి. గడువులోపు వివరాలు ఇవ్వని మందు అమ్మకం ఆగాలి.

2. ఒక దేశం హార్మోన్ల హాని కారణంగా ఒక మందును ఆపితే, మిగతా దేశాల్లో ఆరు నెలల్లో సమీక్ష మొదలవ్వాలి. కొనసాగించాలనుకుంటే ఎందుకో కారణాలు అందరికీ కనిపించేలా ప్రచురించండి. తన దేశంలో నిషేధించిన మందును తయారుచేసి ఇంకో దేశానికి అమ్ముకునే పద్ధతిని ఆపండి. హార్మోన్లకు సరిహద్దులు తెలియవు, ఆ దీవుల చరిత్ర మీ ముందే ఉంది.

3. లేబుల్ మీద తక్షణ విషం రంగుతో పాటు హార్మోన్లకు, గర్భానికి హాని అని చెప్పే వేరే గుర్తు పెట్టండి. చదువు రాని మనిషికి కూడా అర్థమయ్యే బొమ్మ కావాలి. కడుపుతో ఉన్న స్త్రీ బొమ్మ చాలు. 'ఇతర పదార్థాలు' అన్న మాట తీసేసి ఒక్కో పేరూ రాయించండి. విషం తగిలిన మనిషిని రాత్రి రెండు గంటలకు తీసుకొస్తే మాకు ఆ పేర్లు కావాలి.

4. డబ్బాలో అమ్మే మిశ్రమాన్ని మిశ్రమంగానే పరీక్షించండి. రైతులు మామూలుగా ఏ మందులు కలిపి కొడుతున్నారో తెలుసుకుని ఆ కలయికలనూ పరీక్షించండి.

5. అనుమతి కోసం కంపెనీలు ఇచ్చే భద్రతా అధ్యయనాలను పూర్తిగా బయట పెట్టండి. ఆహార భద్రత విషయంలో యూరోపియన్ యూనియన్ 2021 మార్చి నుంచి ఈ పద్ధతి అమలు చేస్తోంది. అక్కడ వీలైనది మిగతా చోట్ల ఎందుకు వీలు కాదు? 1961 నాటి ఎలుకల ఫలితం ఆ కార్మికుల కళ్ల ముందు ఉండి ఉంటే వాళ్లు ఆ పని చేసేవారా?

6. ఆరోగ్య శాఖలతో మాట్లాడి గర్భిణుల కేసు షీటులో, సంతానం కోసం వచ్చే దంపతుల రికార్డులో రెండు గడులు చేర్పించండి. పురుగుమందు తగిలే పని చేస్తున్నారా, లేక మందు తగిలే చోట ఇల్లు ఉందా? ఉంటే ఏ నెలల్లో, ఏ మందు? నింపడానికి ఒక్క నిమిషం పడుతుంది. పుట్టుకతో వచ్చే లోపాల రిజిస్టర్లకు ఆ వివరాలు చేరాలి. ఇది అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే పని. రేపే మొదలుపెట్టొచ్చు.

7. తొడుగులు వేసుకోలేదని, మాస్కు పెట్టుకోలేదని నేరాన్ని మందు కొట్టేవాడి మీదకు నెట్టకండి. ఎండలో ఆ రబ్బరు సూటు వేసుకుని, వీపు మీద బరువుతో ఒక్క గంట నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. అసౌకర్యమైన, ఖరీదైన, దొరకని రక్షణ సామగ్రి అవసరమయ్యే పురుగుమందులను, ముఖ్యంగా వేడి ప్రాంతాల్లో చిన్న రైతులు వాడే చోట, అసలు వాడకుండా చూడాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అయిన ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ప్రవర్తనా నియమావళే చెబుతోంది. ఆ నియమాన్ని అమలు చెయ్యండి. ఒక మందును ఆపినప్పుడు రైతుకు దాని బదులు ఏం చెయ్యాలో నేర్పించండి, ఆ సీజన్‌లో నష్టం వస్తే ఆదుకోండి. లేకపోతే ఇంకో డబ్బా కొనడం తప్ప ఆయనకు దారి ఉండదు.

ఈ ఏడింటిలో ఏది చెయ్యగలరు, ఏది చెయ్యలేరు, ఎందుకు చెయ్యలేరు అన్నది అరవై రోజుల్లో రాతపూర్వకంగా, అందరికీ కనిపించేలా చెప్పాలని కోరుతున్నాను. తోటి నర్సులను, డాక్టర్లను, ఆశా కార్యకర్తలను కూడా ఒకటి అడుగుతున్నాను. గడి వచ్చేదాకా ఆగకండి. షీటు అంచున ఖాళీ ఉంటుంది. అక్కడే రాయండి, తేదీ వేయండి.

మొదట చెప్పిన ఆ తల్లి బిడ్డకు ఆపరేషన్ అయింది, బాగున్నాడు. ఆమె మొన్న మళ్లీ వచ్చింది. నెల తప్పింది. "ఈసారి ఏం జాగ్రత్త పడాలో చెప్పండమ్మా" అంది. ఆయన బట్టలు నువ్వు ఉతకొద్దు, మందు డబ్బాలు ఇంట్లో పెట్టనివ్వకు, పని నుంచి వచ్చాక స్నానం చేశాకే దగ్గరికి రమ్మను, డబ్బా తీసుకొచ్చి చూపించమను అని చెప్పాను. నాకు తెలిసింది అంతే. ఆ డబ్బాలో ఉన్నది బిడ్డకు ఏం చేస్తుందో, ఎంత దూరంలో ఉంటే చాలో ఆమె అడిగింది. అది చెప్పాల్సింది మీరు. ఆమెకు ఇప్పుడు ఏడో వారం నడుస్తోంది.

భవదీయురాలు,
ప్రసూతి వార్డు నర్సు